ఆ పురుగు ఏ ఈగ బిడ్డ? పరాన్న ఈగల వర్గీకరణలో చిక్కుముళ్ళు

దేవరకొండ నుంచి డిండి వెళ్ళే దారిలో మా బావకు నూట ఇరవై గొర్రెల మంద ఉంది. వానలు కాస్త తెరిపి ఇచ్చిన వారంలో ఒక పొట్టేలుకు కొమ్ము మొదట్లో పుండు పడింది. బావ దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, తల పక్కకు వంచి, టర్పెంటైన్‌లో తడిపిన దూది పుండులో పెట్టాడు. నిమిషం గడవలేదు, తలలు లోపలికి దూర్చి తింటున్న పురుగులు ఊపిరాడక ఒకదాని వెనుక ఒకటి పైకి తన్నుకొచ్చాయి. పట్టకారుతో ఒక్కొక్కటే లాగి స్టీలు మూతలో వేశాడు. బియ్యపు గింజ కంటే పెద్దవి, పాలతెలుపులో కాస్త గులాబీ కలిసిన రంగు, ఒంటి చుట్టూ మరచుట్లలా వరసలు కట్టిన సన్నని ముళ్ళు. పక్కన మా అక్క ఆ పుండుకు పెట్టడానికి సీతాఫలం ఆకు నూరుతోంది.

పని అయ్యాక చేతులు కడుక్కుని బావ ఫోన్ తీశాడు.

"బామ్మర్దీ, అమెరికాల మనిషిని తింటున్న ఈగ అని చూపిస్తున్నరు చూడు. మన పొట్టేలుకు పట్టింది గిదేనా?"

"కాదు బావా, అది వేరే."

"రెండూ పుండులనే ఉంటయి, రెండూ కండనే తింటయి. మరి వేరే అని నీకెట్ల తెలిసింది?"

అడగాల్సిన ప్రశ్నే. దానికి సరైన జవాబు ఒక్క మాటలో రాదు. ఈగలకు పేర్లు ఎలా పెడతారు, ఏ ఈగ ఏ కుటుంబంలోదని ఎలా తేలుస్తారు, అందులో పండితులకే ఎందుకు ఏకాభిప్రాయం కుదరదు, ఇవన్నీ చెప్పుకుంటేగానీ బావ ప్రశ్న తీరదు.

ముందు ఆ వార్త సంగతి. అమెరికా ఖండాలకు చెందిన స్క్రూవార్మ్ ఈగ మధ్య అమెరికా దేశాల గుండా ఉత్తరానికి పాకి 2024 చివరికి మెక్సికోలో కనిపించింది. దాంతో అమెరికా మెక్సికో పశువుల దిగుమతిని ఆపింది. 2025 ఆగస్టులో ఎల్ సాల్వడార్ వెళ్ళి వచ్చిన ఒక మనిషిలో ఈ పురుగులు ఉన్నట్టు మేరీలాండ్ రాష్ట్రంలో తేలింది. అక్కడి నుంచి ఆ వీడియోలు మన ఫోన్లలోకి వచ్చాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ గొర్రెలున్నది తెలంగాణలో, దాదాపు కోటీ 90 లక్షలు. ఆ వీడియో చూసి మన గొల్ల కురుమలు టెన్షన్ పడ్డారంటే అందులో తప్పేమీ లేదు.

తెలుగు పేర్లలో ఎన్ని ఈగలు నిజంగా ఈగలు?

తేనెటీగ, కందిరీగ, తూనీగ, జోరీగ. నాలుగింటి పేర్లలోనూ ఈగ ఉంది. కీటకశాస్త్రం లెక్కలో వీటిలో ఈగ ఒక్కటే, జోరీగ. రెక్కలు లెక్కపెడితే సంగతి తేలిపోతుంది. తేనెటీగకు, కందిరీగకు, తూనీగకు నాలుగేసి రెక్కలు. అసలు ఈగకు రెండే. వెనుక రెక్కల చోట గుండుసూది తలలాంటి చిన్న కాడలు రెండు మిగిలి ఉంటాయి. ఎగిరేటప్పుడు అవి కూడా వేగంగా ఆడుతూ ఒంటి తూకం తప్పకుండా చూస్తాయి. అందుకే ఈ క్రమానికి, అంటే ఈ పెద్ద గుంపుకు, డిప్టెరా, అంటే రెండు రెక్కలవి అని పేరు. ఇందులో ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులు లక్షా యాభై వేలకు పైనే.

దోమకు కూడా రెండే రెక్కలు, కాబట్టి అదీ ఈ క్రమంలోదే. ఇక్కడే మన రైతులకు ఇంకో తిరకాసు. మిర్యాలగూడ ఆయకట్టులో వరిని మాడ్చేసే సుడిదోమ దోమ కాదు. పచ్చదోమా కాదు, పత్తి మీద వాలే తెల్లదోమా కాదు. ఆ మూడూ నాలుగు రెక్కల, రసం పీల్చే పురుగులు, నల్లికి దగ్గరి చుట్టాలు. మరోపక్క వరి మొవ్వును ఉల్లి కాడలా గొట్టం చేసే ఉల్లికోడు పేరులో ఈగా లేదు, దోమా లేదు. అదేమో అచ్చమైన ఈగ జాతి. పచ్చదోమల కడుపులో గుడ్డు పెట్టి, లోపలి నుంచి తినేసే పెద్ద తల చిన్న ఈగలు కూడా ఉన్నాయి. అంటే వరిచేలో దోమ కాని దోమను నిజమైన ఈగ తింటోంది.

ఊరి పేర్లు తప్పని నేను అనడం లేదు. పొలంలో నిలబడి చూసేవాడికి ఆకారం, నష్టం ముఖ్యం, వాటిని బట్టే పేరు పెట్టుకున్నాడు. శాస్త్రం పేరు పెట్టేటప్పుడు చూసేది పుట్టుకను. రెండింటి అవసరం వేరు.

ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత

శాస్త్రీయ నామం మన పేర్ల పద్ధతిలోనే ఉంటుంది. ముందు ఇంటిపేరు, వెనుక సొంత పేరు. ఇంటి ఈగ పేరు మస్కా డొమెస్టికా. మస్కా ఇంటిపేరు, అంటే ప్రజాతి. డొమెస్టికా సొంత పేరు, అంటే జాతి. దగ్గరి ప్రజాతులు కొన్ని కలిస్తే కుటుంబం, కుటుంబాలు కలిస్తే క్రమం. జంతువులకు ఈ జంట పేర్ల పద్ధతిని స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో ఖాయం చేశాడు. అప్పటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఒకే జీవికి ఇద్దరు వేర్వేరు పేర్లు పెడితే, మామూలుగా ముందు పెట్టినదే చెల్లుతుంది.

ఈ కట్టుబాటు వల్లే పాత పుస్తకాలకూ కొత్త పుస్తకాలకూ పేర్లు కలవవు. పశువులను పట్టే ఒక చదును ఈగ మన పశువైద్య పుస్తకాల్లో హిప్పోబోస్కా మాక్యులేటా. కొత్త జాబితాల్లో అదే హిప్పోబోస్కా వేరియగేటా, ఎందుకంటే రెండో పేరు ముందు పుట్టింది. ఉల్లికోడు ఈగకు మొదట సెసిడోమియా అని ఇంటిపేరు, తర్వాత పాకీడిప్లోసిస్, ఇప్పుడు ఓర్సియోలియా. పెళ్ళయిన ఆడపిల్లకు ఇంటిపేరు మారినట్టు ప్రజాతి మారుతుంది, సొంత పేరు ఒరైజే మాత్రం వెంటే ఉంటుంది. పరీక్షలకు చదివే పిల్లలు ఇవన్నీ వేర్వేరు పురుగులనుకుని తికమక పడటం నేను చాలాసార్లు చూశాను.

పరాన్నజీవి అన్నది బతుకుదెరువు

చిక్కుముడికి అసలు మూలం ఈ మాటే. పరాన్న ఈగలు అనగానే అవన్నీ ఒక తల్లి పిల్లలని అనిపిస్తుంది. కమ్మరి, కుమ్మరి, డ్రైవర్ అన్నట్టు ఇది పనిని చెప్పే మాట. ఊళ్ళో డ్రైవర్లందరిదీ ఒకే ఇంటిపేరు కానట్టే, పరాన్న ఈగలన్నిటిదీ ఒకే కుటుంబం కాదు. ఈగల చరిత్రలో ఇంకో జీవి మీద పడి బతకడం అనే పద్ధతి చాలా కొమ్మల్లో విడివిడిగా, మళ్ళీ మళ్ళీ మొదలైంది.

ఆ బతుకుదెరువులోనూ రకాలున్నాయి. పెద్ద ఈగగా ఉన్నప్పుడు రక్తం పీల్చేవి కొన్ని. జోరీగ, దోమ అలాంటివి. పిల్లదశలో, అంటే పురుగుగా ఉన్నప్పుడు, బతికున్న జంతువు ఒంట్లో పెరిగేవి కొన్ని. ఈ స్థితికి వైద్యంలో మయాసిస్ అని పేరు. పొట్టేలు పుండులో జరిగింది అదే. మయాసిస్ ఈగల్లో మళ్ళీ రెండు తెగలు. బతికున్న కండ దొరికితేనే పెరిగేవి ఒక తెగ. మామూలుగా పీనుగు మీదో పెంట మీదో బతుకుతూ, కుళ్ళిన పుండు కనిపిస్తే దాన్నీ వదలనివి రెండో తెగ.

ఇవి కాక పారాసిటాయిడ్లని ఇంకొకటుంది. పరాన్నజీవి తాను ఉన్న జీవిని సాధారణంగా చంపదు. పారాసిటాయిడ్ చివరకు చంపే తీరుతుంది. మల్బరీ పట్టు పెంచేవాళ్ళకు ఊజి ఈగ గురించి చెప్పక్కర్లేదు. అది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు అంటించి పోతుంది. పిల్లపురుగు లోపలికి దూరిన చోట నల్లమచ్చ పడుతుంది. తిని పెరిగి, కొన్నిసార్లు గూడు కట్టాక, దాన్ని చిల్లు చేసుకుని బయటికొస్తుంది. చిల్లు పడ్డ గూటి నుంచి దారం తీయలేరు. బెంగాల్ వైపు ఉండే ఈ ఈగ 1980లో కర్ణాటకకు చేరి అక్కడి పట్టు రైతులను ముంచింది. దీని కుటుంబం టాకినిడే, అందులో ఎనిమిదిన్నర వేలకు పైగా జాతులు. ఆ కుటుంబంలో ఎక్కువ శాతం గొంగళిపురుగులనే చంపుతాయి, వాటిలో పంటను తినేవీ ఉంటాయి. ఒకే కుటుంబం పట్టు రైతుకు శత్రువు, పత్తి రైతుకు చుట్టం.

రక్తం పీల్చే జోరీగను పరాన్నజీవి అనవచ్చా అన్న దాని మీద కూడా రెండు వాదాలున్నాయి. పశువైద్యులు బాహ్య పరాన్నజీవుల జాబితాలోనే దాన్ని రాస్తారు. నష్టం, రోగం, మందు అన్నీ ఆ లెక్కలోనే వస్తాయి కాబట్టి వాళ్ళకది సరిపోతుంది. జీవావరణ శాస్త్రం వైపు వాళ్ళు కొందరు ఒప్పుకోరు. పరాన్నజీవి అంటే ఒకే జీవిని అంటిపెట్టుకుని ఉండాలి, జోరీగ ఈ ఎద్దు మీద ఒక గుటక, ఆ బర్రె మీద ఒక గుటక తాగిపోతుంది, అది చిన్న సైజు వేటగాడు అంటారు. నాకు రెండో వాదంలో బలం కనిపిస్తుంది. కానీ బర్రె తోకాడించే వేగం చూస్తే పశువైద్యుడి మాట కొట్టిపారేయలేం.

ఒకే మందలో ఎన్ని కుటుంబాలు?

మా బావ మందనే ఉదాహరణగా తీసుకుందాం. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఆ గొర్రెల చుట్టూ తిరిగే ఈగలను ఒక్కొక్కటే పిలిచి వాటి ఇల్లు అడుగుదాం.

సాయంత్రం దొడ్డి దగ్గర కంటికి సరిగా ఆనని నుసి దోమలు ముసురుతాయి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పేరు క్యూలికాయిడిస్, కుటుంబం సెరాటోపోగోనిడే. పేడ కలిసిన బురదలో పుడతాయి. గొర్రెలకు మూతి వాచి, నాలుక నీలంగా మారే నీలినాలుక వ్యాధి వైరస్‌ను మోసేవి ఇవే. డిప్టెరాలో పొడవు మీసాల వాటిని నెమటోసెరా అని, పొట్టి మీసాల వాటిని బ్రాకీసెరా అని పాతకాలం నుంచి రెండుగా చీలుస్తారు. దోమ, నుసి దోమ, ఉల్లికోడు ఈగ మొదటి వైపు. జోరీగ, ఇంటి ఈగ రెండో వైపు. ఈ చీలికలో ఒక లోపం బయటపడింది. పొట్టి మీసాలవన్నీ నిజంగా ఒక తల్లి సంతానమే. పొడవు మీసాలవి మాత్రం అలా కాదు, వాటిలో కొన్ని పొట్టి మీసాల వాటికే దగ్గర చుట్టాలు. అంటే నెమటోసెరా అన్నది వంశం పేరుగా చెల్లదు. అయినా పుస్తకాల్లో ఇంకా రాస్తారు, చెప్పుకోవడానికి సులువని.

మధ్యాహ్నం పశువుల కాళ్ళ మీద ఇంటి ఈగలాంటిదే ఒకటి వాలుతుంది. అచ్చం అదే సైజు, అదే బూడిద రంగు. వంగి చూస్తే నోటి ముందు సూదిలాంటి నల్లని ముక్కు నేరుగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. స్టోమాక్సిస్ కాల్సిట్రాన్స్. రక్తం తాగుతుంది. ఇంటి ఈగా ఇదీ ఒకే కుటుంబం, మస్కిడే. ఒకే ఇంట్లో ఒకడు ఎంగిలి నాకేవాడు, ఇంకొకడు రక్తం తాగేవాడు.

కుక్క చెవి వెనుక, ఎద్దు తోక కింద చదునుగా అతుక్కుని ఉండే ఈగను చూడండి. పట్టుకుంటే జారిపోతుంది, ఎండ్రకాయలా పక్కకు పాకుతుంది, వేళ్ళ మధ్య నలిపినా చావదు. ఇది హిప్పోబోస్కా. దీని పుట్టుక ఇంకా చిత్రం. ఇది గుడ్లు పెట్టదు. తల్లి కడుపులో ఒక్కటంటే ఒక్క పిల్ల, పాలలాంటి ద్రవం తాగుతూ పెరుగుతుంది. పూర్తిగా ఎదిగాకే కంటుంది, కన్న కొద్దిసేపటికే ఆ పిల్ల గట్టి పెంకు కట్టుకుని ప్యూపాగా, అంటే పురుగుకూ ఈగకూ మధ్య ఉండే కదలని దశగా మారుతుంది. ఆఫ్రికాలో నిద్రజబ్బు మోసే సీసీ ఈగ కూడా సరిగ్గా ఇలాగే కంటుంది, ఆ రెండూ దగ్గరి చుట్టాలే. హిప్పోబోస్కా కుటుంబంలోనే చలి ప్రాంతాల గొర్రెల ఉన్నిలో బతికే మెలోఫేగస్ ఉంది. దానికి రెక్కలే లేవు. చూసినవాళ్ళు గోమారి అనుకుంటారు. రెండు రెక్కల క్రమంలో రెక్కల్లేని ఈగ! గబ్బిలాల మీద సాలీడులా పాకే రెక్కల్లేని ఈగలు కూడా ఈ కొమ్మలోవే. బొచ్చులో దూరి బతికేదానికి రెక్క అడ్డం, తరాలు గడిచేసరికి పోయింది. ఉన్న అవయవాన్ని బట్టే వంశం తేల్చబోతే ఇలాంటి చోట్ల బోల్తా పడతాం.

అన్నిటికంటే గొర్రెకు భయం ఉన్నది ఇంకొకటి. ఎండ బాగా కాసే మధ్యాహ్నం మంద ఒక్కసారిగా గుంపుగా చేరి, మూతులు నేలకానించి, లేదా పక్కదాని పొట్ట కింద దూర్చి నిలబడిపోతుంది. మేత ముట్టదు. చుట్టూ ఈస్ట్రస్ ఓవిస్ తిరుగుతోందని అర్థం. ఈ ఈగకు తినడానికి నోరు సరిగా లేదు, ఈగగా ఉన్న కొద్దిరోజులూ ఏమీ తినదు. ఎగురుతూనే గొర్రె ముక్కు రంధ్రాల మీద బతికున్న పిల్లపురుగులను చిమ్మి పోతుంది. అవి ముక్కు లోపలికి, అక్కడి నుంచి నుదుటి ఎముక గదుల్లోకి పాకి పెరుగుతాయి. చివరకు గొర్రె గట్టిగా తుమ్మితే వేలి కణుపంత పురుగు నేల మీద పడి మట్టిలో దూరుతుంది. కొన్నిసార్లు కాపరి కంట్లోకి కూడా చిమ్ముతుంది. దీని కుటుంబం ఈస్ట్రిడే.

ఇక పుండు పురుగు. క్రైసోమియా బెజ్జియానా, కుటుంబం కాలిఫోరిడే. మెరిసే నీలి ఆకుపచ్చ ఈగ. గాయం అంచున నూట యాభై, రెండు వందల గుడ్లు ఒకే పెంకులా అంటిస్తుంది. ఒక రోజులోపే పిల్లలై లోపలికి దిగుతాయి. అయిదారు రోజులు బతికున్న కండ తిని, కిందపడి మట్టిలో ప్యూపా అవుతాయి.

ఒక్క మంద మీద అయిదు కుటుంబాలు, జోరీగను కలిపితే ఆరు.

పేరు తప్పితే ఏమవుతుంది?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు రెండేళ్ళు ఆయన తప్పు దోమలను కోస్తూ కూర్చున్నాడు. దోమల జాతుల పేర్లు ఆయనకు తెలియవు. బూడిద రంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలవి అని తనకు తోచినట్టు పిలిచేవాడు. మొదటి రెండు రకాల్లో ఎంత వెతికినా దొరకనిది మచ్చల రెక్కల దోమలో దొరికింది. అదే అనాఫిలిస్. ఏ దోమ ఏదో చెప్పే పట్టిక చేతిలో ఉంటే ఆ రెండేళ్ళలో చాలా భాగం మిగిలేది.

స్క్రూవార్మ్ కథ ఇంకా ఖరీదైనది. ఫ్రెంచ్ వైద్యుడు కాకెరెల్ దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా ఖైదీల్లో ఈ పురుగులను చూసి 1858లో హోమినివొరాక్స్, అంటే మనిషిని తినేది అని పేరు పెట్టాడు. తర్వాత అమెరికాలో అందరూ దాన్ని కాక్లియోమియా మాసెల్లేరియా అనే ఇంకో ఈగతో కలిపేసుకున్నారు. చూడటానికి రెండూ ఒకటే. మాసెల్లేరియా పీనుగుల మీద పెరుగుతుంది కాబట్టి, చచ్చిన పశువులను కాల్చి పాతిపెడితే స్క్రూవార్మ్ తగ్గుతుందని ఏళ్ళ తరబడి నమ్మారు. అంత కష్టపడినా పశువుల పుండ్లు తగ్గలేదు. 1933లో కషింగ్, ప్యాటన్ అనే ఇద్దరు మగ ఈగల జననాంగాల నిర్మాణం పరిశీలించి ఇవి రెండు వేర్వేరు జాతులని చూపారు. బతికున్న కండను మాత్రమే తినేదానికి పీనుగుతో పనే లేదు. ఈ ప్యాటన్ అంతకుముందు మద్రాసులో పనిచేసి మన దేశపు పుండు ఈగలను చదివినవాడే. వాళ్ళు పెట్టిన కొత్త పేరు అమెరికానా. తర్వాత చూస్తే కాకెరెల్ పెట్టిన పేరు ముందే ఉంది, కట్టుబాటు ప్రకారం హోమినివొరాక్స్ తిరిగి వచ్చింది.

జాతి తేలాకే దాని బలహీనత తెలిసింది. ఆడది మామూలుగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. రేడియేషన్‌తో గొడ్డుబోయిన మగ ఈగలను కోట్ల సంఖ్యలో వదిలితే ఆడవి పెట్టే గుడ్లు పొదగవు. 1954లో కురసావ్ దీవిలో ఇది ఫలించింది. 1982 నాటికి అమెరికా నుంచి ఆ ఈగ పోయింది. 1988లో అదే ఈగ సముద్రం దాటి లిబియాలో తేలితే, మెక్సికోలో పెంచిన గొడ్డు మగవాటిని విమానాల్లో తెచ్చి చల్లి అణచేశారు. ఆ మగవి తమ జాతి ఆడవాటితోనే జతకడతాయి. తప్పు జాతివి వదిలి ఉంటే కోట్ల ఈగలు వృథా.

పండితులు ఎక్కడ విడిపోతారు?

లిన్నేయస్ 1758లో గొర్రె ముక్కులో, గుర్రం పొట్టలో, ఆవు చర్మం కింద పెరిగే ఈగలన్నిటినీ ఈస్ట్రస్ అనే ఒకే ప్రజాతిలో పెట్టాడు. తర్వాతి తరాలవాళ్ళు ఒకటి ముక్కులో, ఒకటి పొట్టలో, ఒకటి చర్మంలో ఉంటే ఒకే ఇల్లు ఎలా అవుతుందని వేర్వేరు కుటుంబాలుగా విడగొట్టారు. ఇప్పుడు ఎక్కువమంది వాటన్నిటినీ మళ్ళీ ఈస్ట్రిడే అనే ఒక కుటుంబంలో ఉపకుటుంబాలుగా చూస్తున్నారు. విడగొట్టినవాళ్ళదీ అర్థంలేని వాదన కాదు, ఆ ఈగల బతుకులు నిజంగానే అంత తేడాగా ఉన్నాయి. కలిపినవాళ్ళు అడిగింది ఒక్కటే, వీటన్నిటికీ మూల తల్లి ఒకటా కాదా అని. ఇలాంటి తగాదాలో నేను కలిపేవాళ్ళ వైపు మొగ్గుతాను, వర్గీకరణ చెప్పాల్సింది వంశం కాబట్టి.

కాలిఫోరిడేలో ఎదురు పరిస్థితి. అందరూ ఒక ఇల్లనుకున్నది జన్యువులు చూశాక ఒకటి కాదని తేలింది. అందులో ఉండే పొల్లేనియా అనే ఈగలు, వానపాముల మీద బతికేవి, ఊజి ఈగ కుటుంబానికి దగ్గరని చెప్పి ఈ మధ్య వాటికి వేరే కుటుంబం ఇచ్చారు.

మన పుండు ఈగ మీదే ఒక తగాదా ఉంది. బెజ్జియానా అన్న పేరు ఇటలీ ఈగల శాస్త్రవేత్త బెజ్జి గౌరవార్థం 1914లో విల్‌నవ్ పెట్టాడు, ఆధారం ఆఫ్రికా నమూనా. జన్యు పరీక్షల్లో ఆఫ్రికా ఈగలు ఒక కొమ్మగా, ఆసియా ఈగలు ఇంకో కొమ్మగా కనిపించాయి. కొందరికి ఇది ఒకే జాతిలో రెండు ప్రాంతాల తేడా. ఇంకొందరికి రెండు జాతులు కావచ్చన్న అనుమానం. ఒకవేళ విడగొడితే, పాత పేరు మొదటి నమూనా ఉన్న చోటుకే చెందుతుంది, అంటే ఆఫ్రికాకు. మన పొట్టేలు పుండులోని ఈగకు ఇంకో పేరు వెతకాలి. ఉల్లికోడుకు ఇది జరిగింది కూడా. ఆఫ్రికా వరిలోని ఈగను 1982లో ఓర్సియోలియా ఒరైజివోరా అని వేరు చేశారు. అక్కడ పాత పేరు మనకే మిగిలింది.

డబ్బాలోని పురుగుల సంగతి

బావ దూది పెట్టకముందే పుండు అంచున ఉన్నవాటిని పదిహేను ఏరి పక్కన పెట్టుకున్నాను. మూడింటిని వేడినీళ్ళలో వేసి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టాను. ఈగ పురుగుకు ఊపిరి తీసే రంధ్రాలు తోక వైపు ఉంటాయి, రెండు గోధుమ రంగు పలకల మీద. దాని గుర్తింపు కార్డు అదే. పలక మీద గీతలు పాములా మెలికలు తిరిగితే ఇంటి ఈగ. గీతల బదులు జల్లెడలా సన్న చిల్లులుంటే ఈస్ట్రస్. పలకలు గుంటలో దిగిపోయి ఉంటే సార్కోఫాజిడే, అంటే మాంసపు ఈగ. మా దాంట్లో నేరుగా మూడేసి గీతలు, చుట్టూ ఉన్న వలయం ఒకవైపు పూడకుండా తెరిచి ఉంది. కాలిఫోరిడే. అమెరికా స్క్రూవార్మ్‌లో తోక నుంచి లోపలికి వెళ్ళే రెండు గాలి గొట్టాలు మూడు నాలుగు కణుపుల దాకా చిక్కటి నలుపులో చర్మం మీదికే కనిపిస్తాయి. మా పురుగులో ఆ నలుపు అంత దూరం సాగలేదు.

మిగిలిన పన్నెండింటిని ఐస్‌క్రీమ్ డబ్బాలో తడి ఎర్రమట్టి పోసి వదిలి, నోటికి పల్చని గుడ్డ కట్టాను. వారం దాటాక తొమ్మిది ఈగలు బయటికొచ్చాయి. వాటిని తీసుకుని దొడ్డి దగ్గరికి వెళ్ళాను.

"బావా, అమెరికా ఈగకు వీపు మీద మూడు నిలువు చారలుంటయి. వీటికి ఉన్నయా చూడు."

బావ భూతద్దం కన్నుకు ఆనించి, డబ్బాను ఎండకు తిప్పి చాలాసేపు చూశాడు. "చారలు లేవు. గని బామ్మర్దీ, ఇవన్నీ ఒక్కతీరు లేవు. గీ రెండింటి రెక్క మొదట్ల ఏదో నల్లగుంది, మిగతావాటికి తెల్లగుంది."

నేను గమనించనిది ఆయన పట్టాడు. రెక్క మొదట్లో ఉండే ఆ చిన్న పొర బెజ్జియానాకు మైనంలా తెల్లగా ఉంటుంది. దాని దాయాది క్రైసోమియా మెగాసెఫలాకు ముదురు గోధుమ రంగు. ఒకటి బతికున్న కండ కోసం వచ్చింది. రెండోది పెంట మీద, పీనుగు మీద బతికేది, పుండు కుళ్ళిన వాసనకు వెనకాలే వచ్చింది.

"అంటే ఒక్క పుండుల రెండు ఇండ్లోళ్ళు."

"ఇంటిపేరు ఒక్కటే బావా, మనుషులు వేరే."

ఏడింటిని ఒక అగ్గిపెట్టెలో, రెండింటిని ఇంకో దాంట్లో వేసి చీటీలు రాశాం. తారీఖు, డిండి దారి, పొట్టేలు, కుడి కొమ్ము పుండు. రెండో చీటీ మీద బావ తన చేత్తో, వెనకొచ్చినవి, అని కూడా రాశాడు.